మూడో జ్వరం

ఆ వృద్ధాశ్రమం నాలుగో అంతస్తులో పదకొండు గదులు, పదకొండు మంది ముసలివాళ్ళు, పూటకు ఒక్క నర్సు. చలికాలం వచ్చిందంటే అక్కడ పెత్తనమంతా థర్మామీటర్లదే. ఎవరిది వాళ్ళకే. పొద్దున తొమ్మిదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి దాన్ని విదిలించి, నాలుక కింద పెట్టుకుని, మూడు నిమిషాలు నోరు మూసుకుని, తలుపు దగ్గరికొచ్చి నర్సుకు చూపించాలి. నర్సు లోపలికి అడుగు పెట్టకూడదు. చేతొడుగులు తీయకూడదు. గడప ఇవతలే నిలబడి, పాదరసం ఎక్కడిదాకా పాకిందో దీపం వెలుతురులో చూసి, చార్టులో రాసుకుని పక్క గదికి పోవాలి. ఒక గదిలోని రొంపను ఇంకో గదికి మోసేది నర్సు చేతులేనని కిందటేడు పైవాళ్ళకు ఉన్నట్టుండి తెలిసొచ్చింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు నర్సులు ఆ చేతులతోనే తల దువ్వారు, గోళ్ళు తీశారు, నుదురు తడిమారు. ఇప్పుడు నుదురు తడిమితే నేరం! కాగితం మీద ఎంత చక్కగా ఉంటుందో ఇలాంటి పద్ధతి. ఆ పద్ధతి కనిపెట్టినవాడు ఆ వరండాలో ఒక్క పూట కూడా నిలబడి ఉండడు.

ఇంకో నియమం ఉంది. అసలు కథంతా దానివల్లే వచ్చింది. పాదరసం నూరు దాటితే జ్వరం. మూడు రోజుల్లో ముగ్గురికి జ్వరం వస్తే అంతస్తు మూసేస్తారు. వాచ్‌మన్ పైకొచ్చి మెట్ల దగ్గర కటకటాల తలుపుకు బయటనుంచి తాళం వేసి, ఎర్ర కాగితం అంటించి పోతాడు. పది రోజులు ఎవరూ లోపలికి రారు, ఎవరూ బయటికి పోరు. భోజనాలు తోపుడుబండి మీద కటకటాల దాకా వస్తాయి. ఆ సమయానికి డ్యూటీలో ఉన్న నర్సు కూడా పది రోజులూ లోపలే. ఆవిడకు మొగుడున్నాడా, పిల్లలున్నారా అని నియమం అడగదు.

అందరూ సిస్టరమ్మ అని పిలిచే ఆ నర్సు ఈ చలికాలంలో ఒకసారి ఆ పది రోజుల శిక్ష అనుభవించేసింది. కిటికీ సందుల్లో పాతగుడ్డ పేలికలు కుక్కి, ఊచల వెనక నిలబడి, నాలుగంతస్తుల కింద రోడ్డు మీద టోపీ పెట్టుకుని నిలబడ్డ కూతురికి చెయ్యి ఊపింది. ఆ పిల్ల ఆరేళ్ళది. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. పేరుకు పిడుగే కానీ నిజం పిడుగు పక్కన పడినా దానికి సగమే వినిపిస్తుంది. రెండు చెవుల్లోనూ నీరు చేరి గట్టిపడింది. ఎదురుగా కూచోపెట్టుకుని, మొహం మొహంలో పెట్టి గట్టిగా మాట్లాడితే వింటుంది. వెనకనుంచి పిలిస్తే పలకదు. బడిలో దాన్ని పొగరుబోతు అన్నారు, మొద్దు అన్నారు, చివరికి ఒక డాక్టరు చూసి చెవిలో చిన్న గొట్టాలు పెడితే బాగైపోతుందన్నాడు. ఆపరేషనుకు తేదీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తేదీ ఈ వారమే. శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు.

పిడుగు ఒకే ఒక్క షరతు పెట్టింది. "అమ్మ పక్కన ఉంటేనే వెళ్తా. లేకపోతే మంచం పట్టుకుని వదలను." పది రోజులు అమ్మ ఎందుకు రాలేదో దానికెవరూ అర్థమయ్యేలా చెప్పలేకపోయారు మరి. తాళం తీశాక ఇంటికెళ్తే వారం రోజులు తల్లి చీర కొంగు వేలికి చుట్టుకునే పడుకుంది. "ఈసారి ఏమైనా సరే ఉంటా, ఒట్టు" అని సిస్టరమ్మ నెత్తిన చెయ్యి పెట్టి మరీ చెప్పింది. సోమవారం డ్యూటీకొచ్చి ఆ సంతోషం కడుపులో దాచుకోలేక వరండా పొడవునా చెప్పుకుంది. గడప గడపకీ ఆగి, మూతిగుడ్డ వెనకనుంచే నవ్వుతూ, "మా పిడుక్కి శుక్రవారం ఆపరేషను" అంది. ముసలివాళ్ళకు ఇంకేం కావాలి! పదకొండు గదుల్లోనూ అదే కబురు. ఎవరి మనవరాలో అయినట్టు మురిసిపోయారు.

మంగళవారం పొద్దున ఇద్దరికి జ్వరం తేలింది. రెండో గదిలో పిడికెడంత ఉండే పిచ్చుకమ్మకు నూటొకటి, ఐదో గదిలో పాత ఫొటోగ్రాఫరుకు నూట రెండు. ఆ రెండు అంకెలూ సిస్టరమ్మ చార్టులో ఎర్ర సిరాతో రాసింది. ఇంకొక్కటి చాలు. గురువారం సాయంత్రం ఆరింటికి రాత్రి నర్సు వచ్చేదాకా ఇంకొక్కటి రాకుండా ఉంటే, తను మెట్లు దిగి ఇంటికి పోతుంది. తర్వాత తాళం పడితే ఎవరి ఖర్మ వాళ్ళది. ఇలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా అనుకోవడం మానలేదు.

విచిత్రమేమిటంటే ఆ మూడోది రాలేదు. మంగళవారం మధ్యాహ్నం అందరికీ తొంభై ఏడు. బుధవారం రెండు పూటలా తొంభై ఏడు, తొంభై ఆరున్నర. దగ్గులు వినిపిస్తున్నాయి, రొంపలు కారుతున్నాయి, తిన్న కంచాలు సగం సగం వెనక్కి వస్తున్నాయి, పాదరసం మాత్రం బుద్ధిగా కిందే కూచుంది. పిచ్చుకమ్మకూ ఫొటోగ్రాఫరుకూ కూడా ఒక్క పూటలో దిగిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నర్సుకు అనుమానం రావద్దూ? రాలేదు. వచ్చినా దాన్ని కూచోమనడానికి ఆవిడ మనసులో చోటు లేదు. మంచి అంకెను ఎవరు నిలదీస్తారు చెప్పండి. చెడ్డ అంకె వస్తేనే థర్మామీటరు పాడైందేమోనని రెండోసారి చూస్తాం.

గురువారం మధ్యాహ్నం మూడయింది. బయట మంచు పడటం ఆగి, గాలి మొదలైంది. ఆకాశం అప్పుడే మసకబారింది. వేడినీళ్ళ గొట్టాలు గోడల్లో టకటకమంటున్నాయి, వరండా నిండా మందుల వాసన, ఆరని ఉన్ని బట్టల వాసన. సిస్టరమ్మ చార్టు చంకన పెట్టుకుని మొదటి గది దగ్గరినుంచి బయల్దేరింది. తొంభై ఏడు. తొంభై ఆరున్నర. తొంభై ఆరు. ఒక్కో అంకె రాస్తుంటే గుండెల మీద బరువు ఒక్కో పలక దిగుతోంది. ఇంకో మూడు గంటలు. ఇంటికెళ్ళగానే పిడుగు సంచిలో ఏం సర్దాలో కూడా ఆలోచించేసుకుంది.

ఏడో గదిలో గార్డు తాతయ్య. ముప్పై ఆరేళ్ళు రైల్లో చివరి పెట్టెలో నిలబడి జెండా ఊపిన మనిషి, ఇప్పటికీ తలుపు దగ్గర నిటారుగా నిలబడతాడు. ఆరోజు నిలబడలేక తలుపు చట్టాన్ని పట్టుకున్నాడు. థర్మామీటరు అందించాడు. సిస్టరమ్మ దీపం కేసి తిప్పి చూసింది. పాదరసం లేదు. ఇటు తిప్పి చూసింది. ఉంది, కిందే ఉంది, తొంభై నాలుగు గీత దగ్గర, విదిలించి పెట్టినచోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

"తాతయ్యా, ఈ లెక్కన మీరు పోయి రెండు గంటలయింది" అంది.

తాతయ్య నోరు విప్పలేదు. మీసాల వెనకనుంచి ఏదో "ఊఁ" అన్నాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

తొంభై ఐదుకు తగ్గితే అదొక వేరే నియమం. చలి ఒంట్లోకి దిగితే ముసలి గుండె చప్పుడు లేకుండా ఆగిపోతుంది కాబట్టి, అప్పుడు మాత్రం నర్సు లోపలికి వెళ్ళవచ్చు, కంబళి కప్పవచ్చు, వేడినీళ్ళ సీసా పెట్టవచ్చు. సిస్టరమ్మ గడప దాటింది. స్నానాలగది కిటికీ బార్లా తెరిచి ఉంది. కిటికీ గట్టు మీద మంచును ఎవరో చెంచాతో గీకినట్టు గుర్తులు. ఒక్క ఉదుటున కిటికీ మూసి, తాతయ్యను మంచం మీద కూచోబెట్టి, చేతులు చల్లబడ్డాయేమో చూద్దామని చేతొడుగు తీసింది. చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. పెనం మీద పెట్టినట్టుంది.

"నోరు తెరవండి."

తాతయ్య అడ్డంగా తల ఊపాడు.

"తెరుస్తారా, నన్ను తెరవమంటారా?"

తెరిచాడు. నాలుక కింద కరుగుతున్న మంచుముక్క. దాన్ని అరచేతిలో ఉమ్మేసి, దొంగతనం బయటపడిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు. ఆవిడ తన జేబులో ఉన్న థర్మామీటరు విదిలించి చంకలో పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత తీసి చూస్తే నూటొకటిన్నర. చంకలో నూటొకటిన్నర అంటే నోట్లో నూట రెండున్నర. మూడో జ్వరం.

సిస్టరమ్మ పక్కనే ఉన్న కుర్చీలో కూలబడింది. తాతయ్యే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"చూడమ్మాయ్. టైమెంత? మూడున్నర. ఆరింటికి నువ్వు దిగిపోతావ్. ఈ రెండున్నర గంటల్లో నాకేమవుతుంది? ఏమీ కాదు. నువ్వో మాత్ర వెయ్యి, తొంభై ఏడని రాయి. రాత్రికొచ్చే అమ్మాయికి నేనే చెప్తా, అప్పుడే వచ్చిందని. ఎవరికీ నష్టం లేదు."

"అలా రాయకూడదు తాతయ్యా."

"రాయకూడదు సరే. మరి ఆ పిల్ల సంగతేంటి?"

ఆవిడకు ఆ పిల్ల సంగతి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే పావుగంటలో తాళం పడుతుంది. తను రాలేకపోవడం ఒక్కటే కాదు. ఆపరేషను చేసే ఆసుపత్రివాళ్ళు పొద్దున్నే కాగితం మీద అడుగుతారు, ఇంట్లో ఎవరైనా మూతపడ్డ వార్డులో పనిచేశారా అని. అవునంటే పిల్లను వెనక్కి పంపేస్తారు. మళ్ళీ వరసలో చివర. మళ్ళీ నాలుగు నెలలు. అప్పటికి పిల్ల ఒకటో తరగతి తప్పుతుంది. ఆ గదిలో కూచుని సిస్టరమ్మకు ఊపిరాడలేదు. కిటికీ తనే మూసింది, తలుపు తనే దగ్గరికి లాగింది, ఇక ఎటు చూసినా గోడే.

తప్పని తెలిసే రాసింది. మాత్ర మింగించి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, ఏడో గది ఎదురుగా తొంభై ఏడు అని రాసింది. నల్ల సిరాతో, గుండ్రంగా. ఆవిణ్ణి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. కన్నవాళ్ళెవరైనా ఆ కుర్చీలో ఒక్క నిమిషం కూచుని చూసి ఆ తర్వాత తిట్టండి.

ఎనిమిది, తొమ్మిది, పది గదులు కళ్ళెత్తకుండా రాసేసింది. పదకొండో గది వరండా చివర. అందులో లెక్కల టీచరమ్మ. ఎనభై రెండేళ్ళు. నలభై ఏళ్ళు బడిపిల్లల చెవులు మెలిపెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్న ఆవిడ. ఆ అంతస్తులో ఎవరికి ఏ మందు ఏ వేళకో నర్సు మరిచిపోయినా ఆవిడ మరిచిపోదు. తలుపు తీసి, సుద్దముక్క పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో థర్మామీటరు అందించింది. సరిగ్గా తొంభై ఏడు.

సిస్టరమ్మ రాసి వెళ్ళిపోయేదే. వెళ్ళిపోవాలనే అనుకుంది కూడా. కానీ గార్డు తాతయ్య బుగ్గ చూసి వచ్చిన కళ్ళు ఊరుకోలేదు. టీచరమ్మ వెనక బల్ల మీద నీళ్ళ గ్లాసు, దాని పక్కన చేతిగడియారం, దాని కింద ఒక కాగితం.

"ఎలా ఉంది టీచరమ్మా?"

"బాగానే... ఉన్నానమ్మాయ్. నువ్వు... వెళ్ళు. సంచీ... సర్దుకున్నావా?"

ఒక్కో మాటకీ ఊపిరి అందుకుంటోంది. సిస్టరమ్మకు తెలియకుండానే పెదవులు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. అర నిమిషానికి పంతొమ్మిది. అంటే నిమిషానికి ముప్పై ఎనిమిది. ఆ వయసువాళ్ళు ఇరవై దాటితేనే కంగారు పడాలి. పెదాల రంగు కూడా బాగాలేదు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. సిస్టరమ్మ చార్టు కింద పడేసి, రెండో చేతొడుగు కూడా లాగేసి, గడప దాటి ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. ఒళ్ళు సలసల కాగుతోంది. వీపు మీద ఒట్టి చెయ్యి వేస్తే లోపల గరగర చేతికి తెలుస్తోంది.

మంచం మీద దిండ్లకు ఆనించి కూచోబెట్టి, చంకలో థర్మామీటరు పెట్టి, గడియారం చూద్దామని బల్ల వైపు తిరిగింది. అప్పుడు ఆ కాగితం మీద ఏముందో కనిపించింది. గీతలు కొట్టి, గళ్ళు వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పట్టిక. మొదటి గడిలో గది నెంబరు. రెండో గడిలో అసలు జ్వరం. మూడో గడిలో చన్నీళ్ళు నోట్లో ఎంతసేపు ఉంచాలో ఆ నిమిషాలు. నూటొకటికి రెండు నిమిషాలు, నూట రెండుకు మూడు, నూట మూడుకు నాలుగు, మధ్యలో నీళ్ళు మార్చాలి. కిటికీ తెరిచి నిలబడటం అవసరమైతేనే, ఐదు నిమిషాలకు మించకుండా. తొమ్మిది గదులున్నాయి ఆ పట్టికలో. మంగళవారం మధ్యాహ్నం నుంచి పూట పూటకీ అంకెలు వేసి ఉన్నాయి. పదకొండో గది ఎదురుగా బుధవారం నుంచీ నూట మూడు. అడుగున ఒకే ఒక్క వాక్యం: గురువారం సాయంత్రం ఆరు గంటల వరకు.

సిస్టరమ్మ ఆ గదులను మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. తొమ్మిది మంది. తన సంతోషం విని, తన కూతురి కోసం, చలిలో కిటికీలు తెరుచుకుని, మంచుముక్కలు నోట్లో పెట్టుకుని, మూడు రోజులుగా జ్వరాన్ని మింగి కూచున్నారు. చెప్పుకుని తిరిగింది తనే. ఎవరడిగారు చెప్పమని?

"ఏంటిది టీచరమ్మా?" అంది. గొంతు లేచిపోయింది. "ఏంటీ పని? మీకు బుర్రుందా? ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, ఒక్కరికీ బుద్ధి లేదా? మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?"

"అరవకు. నీకు... రేపు పనుంది."

"మీకేమన్నా అయితే నేను దాన్ని ఏ మొహం పెట్టుకుని చూడాలి?"

"లెక్క... కరెక్టే అమ్మాయ్" అంది టీచరమ్మ. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగింది. "ఆ గార్డాయన... మంచు పెట్టుకున్నాడు కదూ? చెప్పాను... నీళ్ళేనని. వినడు."

సిస్టరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. థర్మామీటరు తీసి చూసింది. నూట మూడు. ఇంక ఆలోచించలేదు. ఆలోచిస్తే మళ్ళీ ఆ కుర్చీలో కూలబడతానని భయం. వరండాలో పరుగున వెళ్ళి, బల్ల మీద ఫోన్ ఎత్తి, కింద డాక్టరు గదికి కలిపింది.

"నాలుగో అంతస్తు సర్. పదకొండో గది, నిమోనియాలా ఉంది, అంబులెన్సు కావాలి. ఇంకా ఎనిమిది మందికి జ్వరాలు."

"ఎనిమిదా? పొద్దున సున్నా రాశారుగా!"

"రండి సర్ ముందు. అన్నీ చెప్తాను."

డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, ఆ చలికాలమంతా నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి. టీచరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, మొహం చిట్లించాడు. "మంగళవారం చెప్పి ఉంటే మాత్రలతో పోయేది" అన్నాడు. ఆ మాట టీచరమ్మతో అనలేదు, నర్సుతోనూ అనలేదు, గోడతో అన్నాడు. స్ట్రెచరు వచ్చింది. మోసేవాళ్ళిద్దరూ టీచరమ్మను మందపాటి కంబళిలో చుట్టి వరండా పొడవునా తీసుకుపోతుంటే తలుపులన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గార్డు తాతయ్య చెయ్యెత్తి, లేని జెండాను ఒకసారి ఊపి, చెయ్యి దింపేశాడు. టీచరమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఊపిరి చప్పుడు మెట్లు దిగేదాకా వినిపించింది.

డాక్టరు చార్టు చేతిలోకి తీసుకున్నాడు. సిస్టరమ్మ అప్పటికే ఏడో గది అంకెను అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో నూట రెండున్నర అని రాసింది.

"ఇదేంటి, ఈ కొట్టివేత?"

"నేనే రాశాను సర్. జ్వరమని తెలిసే తొంభై ఏడు రాశాను."

డాక్టరు ఆవిడ మొహంలోకి చూశాడు. రేపటి ఆపరేషను సంగతి ఆయనకూ తెలుసు. సెలవు చీటీ మీద సంతకం చేసింది ఆయనే. "మిగతావాళ్ళందరికీ ఇప్పుడు నా ముందే చూడండి. అరగంట ముందునుంచీ ఎవరూ ఏమీ తాగకుండా" అన్నాడు. చూశారు. టీచరమ్మ పట్టికలో ఒక్క అంకె కూడా తప్పలేదు.

ఐదున్నరకు వాచ్‌మన్ తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చాడు. డాక్టరు బయటికి వెళ్ళాడు. కటకటాల తలుపు మూసుకుంది, తాళం పడింది, కాగితం అంటించారు. "పదిరోజులే కదా సిస్టర్" అన్నాడు వాచ్‌మన్ ఓదార్పుగా. ఆయన మంచికే అన్నాడు. ఆవిడ ఊచలు పట్టుకుని, ఆయన మెట్లు దిగి, కింద దీపం ఆర్పి, చలిలోకి తలుపు తీసుకుని పోయేదాకా అలాగే నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

మొగుడే ఎత్తాడు. "బయల్దేరావా? ఇది కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది, వీధి తలుపు దగ్గరే ఉంది."

"ఏమండీ, తాళం వేశారు."

"ఎంతమందికి?"

"తొమ్మిది మందికి. టీచరమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మీరు రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి, మాది మూతపడ్డ వార్డని. ఆపరేషను వాయిదా వేయించండి."

"నాకేం పిచ్చా?" అన్నాడు. "నాలుగు నెలలు తిరిగాం. దానికి జ్వరం లేదు, దగ్గు లేదు. నువ్వు లోపలున్నావని వాళ్ళకేం తెలుసు? నేను చెప్పను. నువ్వూ చెప్పకు."

"అక్కడి వార్డులో చంటిపిల్లలుంటారండీ. నేను ఈ మూడు రోజులూ రాత్రి దాని పక్కనే పడుకున్నాను."

"అంటే ఏంటి ఇప్పుడు?"

"అంటే ఏమీ లేదు. చెప్పండి అంతే. మీరు చెప్పకపోతే నేనే చేసి చెప్తాను."

ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టే కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అల్లాడాడు. చివరికి, "సరే. కానీ దానికి నేను చెప్పలేను. నా వల్ల కాదు. నువ్వే చెప్పుకో" అన్నాడు. ఏదో గొణుగుడు, అడుగుల చప్పుడు, ఫోన్ చేతులు మారింది.

"అమ్మా!" అంది పిడుగు. దానికి తన గొంతు తనకే సరిగా వినిపించదు కాబట్టి ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది. "అమ్మా, నేను సంచి సర్దేశా! నీ రుమాలు కూడా పెట్టా. ఎక్కడున్నావ్?"

"బంగారూ, విను. అమ్మ రాలేదు. పది రోజులు."

"ఆఁ?"

"పది రోజులు! తాళం వేశారు! మళ్ళీ చేయిద్దాం ఆపరేషను, నేను వచ్చాక!"

"ఏంటమ్మా?"

సిస్టరమ్మ లేచి నిలబడింది. ఫోన్‌ను రెండు చేతులతో మూతికి ఆనించుకుని, ఇరవై ఏళ్ళుగా ఆ వరండాలో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది. "రాలేను తల్లీ! అమ్మ రాలేదు! పది రోజులు!" గోడలు మారుమోగాయి. ఏడో గది తలుపు తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. ఒకరి తర్వాత ఒకరు పది గడపల మీద పది మంది వచ్చి నిలబడ్డారు. చెవుడున్న పిచ్చుకమ్మ కూడా విన్నది. అందరూ విన్నారు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా విన్నారు. పిచ్చుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గార్డు తాతయ్య గోడ వైపు తిరిగాడు.

ఫోన్‌లో పిడుగు ఊపిరి బిగబట్టి వింటోంది. అక్కడ ఆ చిన్న చెవికి ఏం చేరుతోందో, ఏమీ చేరడం లేదో. కాసేపాగి గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అంది.

"అమ్మా, మాట్లాడవేంటి? కోపమొచ్చిందా? రేపు నేను ఏడవనులే. మాట్లాడమ్మా."